నలభై అయిదులో వినాల్సిన రికార్డు

చెవులాయన ఇంట్లో ఒక బిస్కట్ల డబ్బా ఉండేది. అందులో బిస్కట్లు ఏనాడూ లేవు. పద్దెనిమిదేళ్లుగా ఆయనకి వచ్చే ప్రతి కొత్త రికార్డుతో పాటు ఒక కాగితం వచ్చేది. ఆ కాగితం విప్పకుండా, చదవకుండా నేరుగా ఆ డబ్బాలోకి పోయేది. రికార్డు వినాలి, విన్నది రాయాలి, రాసింది పత్రికకి పంపాలి, ఆ తరవాతే మూత తీయాలి. అదీ ఆయన నియమం. "కాగితం చెప్పిందాన్ని చదివాక చెవి సొంతంగా ఏమీ వినదండీ, తల ఊపుకుంటూ దాని వెనకాలే పోతుంది" అని కనిపించిన వాళ్లందరికీ చెప్పేవాడు. కనిపించని వాళ్ల కోసం తన శీర్షికలో ఏడాదికి రెండుసార్లయినా రాసేవాడు. మంచి నియమమే. కాకపోతే మనిషి తన నియమాన్ని చూసుకుని మురిసిపోవడం మొదలుపెడితే, అది ఏదో ఒకనాడు కాళ్లకి అడ్డం పడుతుంది.

పగలు ఆయన ఉద్యోగం వినికిడి పరీక్షలు చేయడం. ఆసుపత్రి రెండో అంతస్తులో, గోడలకి దిండ్లు అతికించినట్టుండే చిన్న గది ఆయనది. వచ్చిన మనిషిని లోపల కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు పెట్టి, తను అద్దానికి ఇవతల కూర్చుని సన్నవీ బొంగురువీ చప్పుళ్లు పంపిస్తూ "వినపడగానే బటన్ నొక్కండమ్మా" అనేవాడు. నొక్కిన చోటల్లా గ్రాఫు మీద చుక్క పెట్టేవాడు. డాక్టరు కాకపోయినా పేషెంట్లు చెవుల డాక్టరు అనేవారు. రికార్డులు కొనేవాళ్లు మాత్రం చెవులాయన అనేవారు. ఆ రెండో పేరంటేనే ఆయనకి ప్రాణం.

అది "ఈ నెల తిరిగినవి" అనే శీర్షిక పెట్టిన పేరు. క్లబ్బుల్లో చిందులేయించే హౌస్, టెక్నో సంగీతంలో కొత్తగా వచ్చిన రికార్డుల్లో వినదగ్గవి నాలుగో అయిదో ఏరి, ఒక సంగీత పత్రికలో నెలనెలా రాసేవాడు. తెలియని వాళ్లకి రెండూ ఒకటే దడదడ. "హౌస్ అంటే నిమిషానికి నూట ఇరవై దెబ్బలు, అది హుషారైన నడక. టెక్నో అంటే నూట ముప్పై, అది పరుగు" అని పెళ్లయిన కొత్తలో భార్యకి ఓపిగ్గా చెప్పాడు. "దెబ్బలు దెబ్బలే కదండీ, లెక్కపెట్టుకోవడం దేనికి?" అందావిడ. ఆ తరవాత ఇద్దరూ ఆ ప్రస్తావన మానేసి సుఖంగా ఉన్నారు.

ఒక ఆదివారం పొద్దున్న టీ గ్లాసు పక్కన పెట్టుకుని ఆ నెల రికార్డులు వినడానికి కూర్చున్నాడు. మొదటిది పేరు మోసిన వాళ్ల టెక్నో. గోడలు కదిలేంత బలంగా ఉంది గానీ బలం తప్ప ఇంకేమీ లేదు. రెండోది పియానో హౌస్. మొదటి రెండు నిమిషాలూ వింటే పెరటి తలుపు తీసినట్టుంటుంది, ఆ పైన అదే తలుపు పదిసార్లు తీసి వేస్తారు. మూడోది ఇద్దరు అక్కచెల్లెళ్లు చేసినది. ఆరు నిమిషాల పాటు ఒకే ఒక్క బేస్ స్వరం మీద నడిపారు, విసుగు రానివ్వలేదు. దానికి మంచి మాటలు రాసుకున్నాడు.

నాలుగోది తెల్లటి కవరులో, తెల్లటి లేబుల్‌తో ఉంది. ఫ్యాక్టరీ వాళ్లు అసలు ప్రతులు వేసే ముందు ఒత్తి చూసుకునే నమూనా ప్రతి అది. దాని మీద ఫ్యాక్టరీ వేసిన నంబరు తప్ప పేరు లేదు, ఏ వేగంలో తిప్పాలో లేదు. నిమిషానికి ముప్పై మూడు చుట్లు తిరగాలో నలభై అయిదు తిరగాలో రికార్డు చేసినవాళ్లే చెప్పాలి; టర్న్‌టేబుల్ మీద చిన్న మీట ఉంటుంది, అటో ఇటో జరిపితే చాలు. ముందు విన్న మూడూ ముప్పై మూడువే. మీట అక్కడే ఉంది. కాగితం డబ్బాలోకి పోయింది. చెవులాయన సూది దించాడు.

కూర్చున్నవాడు లేచాడు. లేచినవాడు మళ్లీ కూర్చున్నాడు. మూడుసార్లు విన్నాక కలం తీశాడు.

"ఈ నెల వచ్చిన వాటన్నిటిలోకీ గొప్ప రికార్డు ఎవరు చేశారో నాకు తెలియదు. ఎవరో తొక్కుడు మిషను మీద బట్టలు కుడుతున్నారు. ఆ తొక్కుడే తాళం. బెల్టుకి అతుకుంది, తిరిగిన ప్రతిసారీ టక్కుమంటుంది, ఆ టక్కు మీద పాటంతా నిలబడింది. నడుమ మిషను ఆగుతుంది, దారం తెగుతుంది. ఇంతసేపూ ఒకావిడ కూనిరాగం తీస్తోందని అప్పుడు గానీ మనకి తెలియదు. హౌస్ సంగీతాన్ని ఇంత నిదానంగా నడిపించే ధైర్యం ఈ మధ్య ఎవరికీ లేదు. పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలని ఈ మనిషికి తెలుసు."

రాసి, కింద ఆ రికార్డు నంబరు వేసి పంపాడు. పంపాక డబ్బా మూత తీయాలి కదా, తీయలేదు. రాసింది అంత బాగా వచ్చింది మరి. రెండుసార్లు తనే చదువుకుని, భార్యకి ఒకసారి వినిపించి, కడుపునిండా భోంచేసి పడుకున్నాడు.

పత్రిక బయటికి వచ్చిన రెండో శనివారం మధ్యాహ్నం రికార్డుల షాపుకి వెళ్లాడు. షాపాయన, ఆయనా పాతికేళ్ల స్నేహితులు, ఏరా అంటే ఏరా అనుకునేవాళ్లు. లోపల పెద్ద స్పీకర్లలో ఏదో టెక్నో దూసుకుపోతోంది.

"ఎవరిదిరా ఇది? బాగానే పరుగెత్తిస్తున్నారు" అన్నాడు చెవులాయన.

"బాగానే ఏంట్రా, నువ్వు నెత్తిన పెట్టుకున్నదేగా! నీ పుణ్యమా అని పదకొండు మంది పట్టుకుపోయారు. అందులో ముగ్గురు మళ్లీ వచ్చి, కుట్టుమిషనేదీ, కూనిరాగమేదీ అని అడిగారు. ఆయన చెవులు వేరు, మీ చెవులు వేరు అని చెప్పి పంపించా."

చెవులాయన టర్న్‌టేబుల్ దగ్గరికి నడిచాడు. అసలు ప్రతికి నీలం రంగు లేబుల్ ఉంది. దాని మీద అచ్చులో 45 అని ఉంది. వేలితో మీట జరిపాడు. పరుగు తగ్గింది, మిషను నడిచింది, బెల్టు టక్కుమంది. లేబుల్ మీది 45 వంకా, మీట వంకా మార్చి మార్చి చూశాడు.

షాపాయనకి విషయం అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక రికార్డుల పెట్టె మీద కూలబడి, కళ్లజోడు తీసి, కడుపు పట్టుకుని నవ్వాడు. "నిదానంగా నడిపించే ధైర్యం!" అన్నాడు మధ్యలో ఊపిరి తీసుకుని. చివరికి స్నేహితుడి మొహం చూసి నవ్వు ఆపాడు. "సరేలేరా, నేనెవరికీ చెప్పను. ఎవడూ కనిపెట్టలేడు. నువ్వూ నోరు మూసుకో, వచ్చే నెలకి అందరూ మరిచిపోతారు."

ఇంటికి వచ్చి డబ్బా తీశాడు. కాగితం పైనే ఉంది.

"సార్, ఇది నా మొదటి రికార్డు. మూడు వందల ప్రతులే వేస్తున్నాం. దయచేసి నలభై అయిదులో వినండి. నేను మన ఊరి బస్సు డిపోలో పనిచేసే అమ్మాయిని, మెకానిక్‌ని. నన్ను పెంచిన మా పిన్నికి థాంక్స్ చెప్పుకోవడానికి చేశాను. ఆవిడకి నచ్చలేదు. మీకు నచ్చినా నచ్చకపోయినా విన్నందుకు థాంక్స్."

"ఏంటండీ, తేలు కుట్టిన దొంగలా కూర్చున్నారు?" అంది భార్య.

చెప్పాడు. ఆవిడ నవ్వలేదు. అదే ఆయనకి ఇంకా కష్టంగా అనిపించింది.

"బయటపెడితే నా పరువు పోతుంది. పద్దెనిమిదేళ్లు, నా చెవే నమ్మండి అని రాశాను. ఇప్పుడు మీట కూడా చూసుకోలేని వాడినని రాయమంటావా? రేపటి నుంచి నా మాట ఎవరు వింటారు?"

"బయటపెట్టకపోతే?"

"ఏమీ కాదు. ఎవరికీ తెలియదు."

"ఆ పిల్లకి తెలియదా? తను చేసిందొకటి, మీరు పొగిడిందొకటి. ఆ పొగడ్త తనదో కాదో కూడా తెలియక ఏమైపోతుంది?" ఆవిడే మళ్లీ అంది. "మీ గదిలోకి వచ్చినవాళ్లు వినపడకపోయినా పరువు కోసం బటన్ నొక్కేస్తే మీరేమంటారు?"

"నొక్కకండి, నష్టం మీకే అంటాను."

"మరి మీరూ నొక్కకండి."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అనుకున్నాడు గానీ, తొక్కాక కడుక్కోక తప్పదు. సోమవారం భోజనాల వేళ బస్సు డిపోకి వెళ్లాడు. పొడుగాటి రేకుల షెడ్డు, నేలలో తవ్విన గుంటలు, ఒక్కో గుంట మీద ఒక్కో బస్సు. డీజిల్ వాసన గొంతుకి అడ్డం పడుతోంది. మెకానిక్ పిల్ల ఎక్కడని అడిగితే మూడో బస్సు కిందికి చూపించారు. వంగి పిలిచాడు. పాతికేళ్లు దాటిన అమ్మాయి, నుదుటి మీద గ్రీజు మరకతో, గుంట మెట్లెక్కి పైకి వచ్చింది. ఈయనెవరో తెలియగానే చేతులు గుడ్డతో గబగబా తుడుచుకుంది.

"మీరా సార్! నేనే వచ్చి కలుద్దామనుకున్నాను."

"ఆగమ్మా, ముందు నేను చెప్పేది విను" అని, ఆగితే ధైర్యం చాలదని, ఒక్క గుక్కలో చెప్పేశాడు. తెల్ల లేబుల్, చదవని కాగితం, ముప్పై మూడులో ఉండిపోయిన మీట. "నేను మెచ్చుకున్నది నువ్వు చేసింది కాదు. నా పొరపాటుని మెచ్చుకున్నాను. క్షమాపణ చెప్పుకోవడానికి వచ్చాను."

ఆ అమ్మాయి బస్సు చక్రానికి ఆనుకుంది. తిడుతుందేమో, ఏడుస్తుందేమో అని ఆయన రెంటికీ సిద్ధపడ్డాడు.

"అందులో కుట్టుమిషనుందని నేనెవరికీ చెప్పలేదు సార్" అంది. "కూనిరాగం సంగతి అసలే చెప్పలేదు. మీరు రాసింది చదివి రెండ్రోజులు అదే ఆలోచించా. ఈయనవి పాము చెవులు కాబోలు అనుకున్నా."

అది వాళ్ల పిన్ని మిషను. అమ్మానాన్నా పోయాక ఆరేళ్ల వయసు నుంచి పిన్నే పెంచింది, ఆ మిషను మీదే పెంచింది. పిన్నికి చెప్పకుండా కిటికీ దగ్గర మైకు పెట్టి ఒక పొద్దుటిపూట చప్పుడంతా రికార్డు చేసింది. మిషను దాని మానాన అది నిమిషానికి తొంభై ఎనిమిది దెబ్బల మీద నడుస్తోంది. అంత నెమ్మదైతే ఎవరూ చిందెయ్యరని నూట ముప్పై రెండుకి లాగింది.

చెవులాయన మనసులో లెక్క వేసుకున్నాడు. నలభై అయిదులో తిరగాల్సిన దాన్ని ముప్పై మూడులో తిప్పితే, నూట ముప్పై రెండు కాస్తా మళ్లీ ఇంచుమించు తొంభై ఎనిమిదికి దిగుతుంది.

"అంటే నేను విన్నది..."

"మా పిన్ని అసలు నడకే సార్."

"మరి ఆవిడకెందుకు నచ్చలేదు?"

"నలభై అయిదులో వినిపించా. ఎవరో తరుముతున్నట్టుంది, ఆపవే అంది. తన మిషనని కూడా పోల్చుకోలేదు. నేనిక చెప్పలేదు." చేతిలో గుడ్డని మెలిపెట్టింది. "ఎనిమిది నెలలు చేశాను సార్ ఆ రికార్డు. మీరు ఆదివారం మా ఇంటికి రాగలరా? మీరు విన్నట్టే వినిపిద్దాం."

ఆదివారం వెళ్లాడు. రెండు గదుల ఇల్లు. ముందు గదంతా కుట్టుపనే. కిటికీ కింద నల్లటి తొక్కుడు మిషను, మేకులకి వేలాడే కాగితం కొలతలు, సీసాల నిండా గుండీలు. పిన్ని మెడలో టేపు వేసుకుని ఒక చొక్కా చేతికి దారాలు కత్తిరిస్తోంది.

"రండి బాబూ. పేపర్లో మా పిల్ల గురించి రాసింది మీరేనటగా" అంటూ తల కొంచెం పక్కకి తిప్పి కుడి చెవి ముందుకు పెట్టింది. చెవులాయన అది గమనించాడు. రోజూ చేసే పని ఎక్కడికి పోతుంది?

కన్నకూతురు కాకపోయినా కూతురిలాగే పెరిగిన పిల్ల. అయినా ఆ పిల్ల టర్న్‌టేబుల్ ముందు పరీక్ష రాసే దానిలా నిలబడింది. మీట ముప్పై మూడుకి జరిపి సూది దించింది. మొదట పిన్ని పట్టించుకోలేదు, దారాలు కత్తిరిస్తూనే ఉంది. అరనిమిషానికి కత్తెర ఆగింది.

"ఇది నా బెల్టే!" అంది. "అతుకు దగ్గర టక్కుమంటోంది చూడు. మార్చెయ్ మార్చెయ్ అని నా ప్రాణం తీశావే, మారుస్తానంటే మళ్లీ నువ్వే వద్దన్నావు. ఇందుకా?"

పిల్ల తల ఊపింది. మిషను ఆగింది, దారం తెగింది, కూనిరాగం బయటపడింది.

"ఎవరే ఆ పాడేది?"

"నువ్వే పిన్నీ."

"నేనా? నాకు పాటెక్కడొచ్చే?"

"రోజూ పాడతావు. నీకు తెలియదంతే. చిన్నప్పుడు అది వింటూనే నిద్రపోయేదాన్ని. అది వినపడకపోతే లేచి ఏడ్చేదాన్నని నువ్వే చెప్పావుగా." పిల్ల పిన్ని వైపు తిరిగింది. "ఇది నీకోసం చేశాను పిన్నీ. నీకు థాంక్స్ చెప్పాలని. నోటితో చెప్పడం చేతకాక."

పిన్ని కళ్లు తుడుచుకోవడానికి మెడలో టేపు కొస అందుకుని, అది టేపని తెలిసి వదిలేసింది. "నోటితో అయితే ఒక్క ముక్కలో తేలేది కదే పిచ్చిపిల్లా. దీనికింత హంగామా చేశావా?" అంది. అని, పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, రికార్డు రెండోసారి పెట్టించింది.

చెవులాయన ఒక మూల కుర్చీలో కూర్చుని ఆ ఇద్దరినీ చూశాడు. జీవితంలో ఎన్నో రికార్డులు విన్నాడు గానీ, ఒక రికార్డు ఎవరి కోసం పుట్టిందో వాళ్లకి చేరడం ఎన్నడూ చూడలేదు. ఆ పొద్దున్న తన మీట అక్కడే ఉండిపోయినందుకు ఆయనకి నిజంగా కృతజ్ఞత కలిగింది. నోరు మూసుకోనివ్వని భార్య మీద అంతకంటే ఎక్కువ కలిగింది.

వెళ్లేముందు అడిగాడు. "అమ్మా, ఎడమ చెవి సరిగ్గా వినపడటం లేదు కదూ?"

"రెండూ అంతంతమాత్రమే బాబూ. దీనికి చెప్పకండి, ఊరికే కంగారు పడుతుంది" అంది, పక్కనే నిలబడిన పిల్లని పెట్టుకుని.

ఆ వారంలోనే తన గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేశాడు. బొంగురు చప్పుళ్ల దగ్గర చుక్కలు బాగానే ఉన్నాయి. సన్నవాటి దగ్గరికి వచ్చేసరికి గీత మెట్లు దిగినట్టు దిగిపోయింది. నలభై ఏళ్లు మిషను పక్కన కూర్చున్న చెవులు మరి. ఆ గ్రాఫు మెకానిక్ పిల్ల చేతిలో పెట్టి చెప్పాడు. "వేగం పెంచితే చప్పుళ్లు సన్నబడతాయి. బెల్టు టక్కుమనడం సరిగ్గా ఆవిడకి వినపడని చోటికి వెళ్లింది. మిగిలింది ఒట్టి దడదడ. నీ రికార్డు నచ్చక కాదమ్మా, ఆవిడ అసలు వినలేదు." పిల్ల ఆ కాగితాన్ని మడిచి జేబులో దాచుకుంది.

తరవాతి నెల శీర్షికలో కొత్త రికార్డుల కంటే ముందు ఇలా రాశాడు: "పోయిన నెల నేను అన్నిటిలోకీ గొప్పదన్న రికార్డుని తప్పు వేగంలో విన్నాను. అది నలభై అయిదుది, నేను ముప్పై మూడులో తిప్పాను. చేసినావిడకీ, కొన్నవాళ్లకీ క్షమాపణలు. మెచ్చుకున్న మాట మాత్రం వెనక్కి తీసుకోను. రెండు వేగాల్లోనూ వినండి. ఇకపై కాగితంలో వేగం చెప్పే ముక్క వరకూ చదువుతాను."

ఉత్తరాలు వచ్చాయి. మిగిలిన పద్దెనిమిదేళ్లూ ఏ వేగంలో విన్నారో కూడా రాయండి సార్ అని ఒకాయన అడిగాడు. ఈయన నిజం చెప్పాడు కాబట్టి ఇప్పుడు ఇంకా నమ్ముతామని నలుగురు రాశారు. షాపాయన నీలం లేబుల్ రికార్డుల పెట్టె ముందు "రెండు రికార్డులు, ఒకే డిస్కు" అని అట్ట పెట్టాడు. రెండు వారాల్లో పెట్టె ఖాళీ అయింది. పోయిందనుకున్న పరువు ఎక్కడికీ పోలేదు, కొంచెం నవ్వులు అంటుకుని తిరిగి వచ్చింది.

పిన్నికి వినికిడి యంత్రాలు అమర్చిన మర్నాడు సాయంత్రం, సరిగ్గా కూర్చున్నాయో లేదో చూడటానికి చెవులాయన వాళ్లింటికి వెళ్లాడు. పిన్ని ఆయన చేతిలో ఒక గుడ్డ సంచి పెట్టింది, రికార్డు పట్టేంత కొలతతో కుట్టినది. ఒక పక్క నీలం దారంతో 33, ఇంకో పక్క ఎర్ర దారంతో 45 అని కుట్టి ఉంది. "ఇకనైనా చూసుకుని తిప్పండి బాబూ" అంది. ముగ్గురూ నవ్వారు.

"ఏదే, ఆ తరిమేది పెట్టు" అంది పిన్ని.

"వద్దులే పిన్నీ. నెమ్మదిదే పెడతా."

"పెట్టవే, ఇప్పుడు చెవులున్నాయిగా."

పిల్ల మీట నలభై అయిదుకి జరిపింది. మిషను పరుగందుకుంది. పిన్ని కళ్లు మూసుకుని వింది. కాసేపటికి ఆవిడ కుడి పాదం నేల మీద కదలడం మొదలుపెట్టింది, మడమ, మునివేళ్లు, మడమ, మునివేళ్లు, రికార్డుకి ఒక్క దెబ్బ కూడా వెనకబడకుండా.

"ఇది తరమడం కాదే" అంది కళ్లు తెరవకుండానే. "బడులు తెరిచే ముందు వారం ఇది. నూట యాభై యూనిఫాంలు మీద పడేవి. అప్పుడు ఇలాగే తొక్కేదాన్ని. నువ్వు పక్కన చాప మీద కూర్చుని గుండీలు అందించేదానివి. ఈ పరుగు మీదే నిన్ను చదివించానే."

మెకానిక్ పిల్ల మెల్లిగా వచ్చి, ఆవిడ కాలి పక్కన, ఒకప్పుడు చాప ఉండే చోట కూర్చుంది. చెవులాయన గుడ్డ సంచి ఒళ్లో పెట్టుకుని కదలకుండా ఉన్నాడు. రికార్డు అయిపోయేదాకా పిన్ని పాదం ఆగలేదు.